ప్లాస్టిక్ చెత్తను కాల్చకుండా వదిలించుకోవడం ఎలా

ప్లాస్టిక్ కాలిస్తే మంచిది కాదని తెలియనివాళ్ళు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు. అయినా కాలుస్తూనే ఉంటారు. ఎందుకంటే అది అయిదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు, చెత్త తీసుకెళ్ళేవాళ్ళ కోసం ఎదురుచూడక్కర్లేదు, మంట ఆరేసరికి అంత పెద్ద కుప్పా పోయి గుప్పెడు బూడిద మిగులుతుంది. కాబట్టి ఊరికే "కాల్చకండి" అని చెప్పి వదిలేస్తే లాభం లేదు, కాల్చకపోతే ఆ కుప్పను ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా దాని గురించే.

నా లెక్క ఒకటే. చాలా ఇళ్ళల్లో చెత్తకు నిప్పు పెట్టాలనిపించేది అందులో ప్లాస్టిక్ ఉన్నందుకు కాదు, అది కంపు కొడుతున్నందుకు. మిగిలిపోయిన తిండి, తొక్కలు, తడి కాగితాలు, కవర్లు అన్నీ ఒకే బుట్టలో పడి, రెండు రోజుల్లో కుళ్ళి, ఈగలు ముసిరి, ఎవరూ చెయ్యి పెట్టలేని స్థితికి వచ్చాక అగ్గిపెట్టె గుర్తొస్తుంది. అదే ప్లాస్టిక్ శుభ్రంగా, పొడిగా ఉంటే నెల రోజులు ఒక మూలన పడి ఉన్నా ఎవరికీ అడ్డం కాదు. కింద చెప్పే పనులన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

ముందు పొగ సంగతి

ఇది చదవకుండా నేరుగా స్టెప్ 1కి వెళ్ళిపోవచ్చు. కానీ ఇంట్లో ఎవరికైనా నచ్చజెప్పాల్సి వస్తే ఈ వివరాలు పనికొస్తాయి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

కాలిన ప్లాస్టిక్ ఎక్కడికీ పోదు, గాల్లో కలుస్తుంది. చేత్తో ఎత్తి పక్కన పెట్టగలిగిన వస్తువు కాస్తా ముక్కుతో పీల్చే వస్తువవుతుంది. ఏం కాలితే ఏం వస్తుందన్నది దాన్ని దేనితో చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. పైపులు, వైర్ల మీది తొడుగు, ఫ్లెక్సీలు, రెగ్జిన్ లాంటివాటిలో చాలావరకు పీవీసీ అనే రకం ప్లాస్టిక్ ఉంటుంది. అచ్చమైన పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే. వేడి తగలగానే ఆ క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటికొచ్చి, కంట్లోని తడికీ గొంతులోని తడికీ తగిలి హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారుతుంది. చెత్త పొగ తగలగానే కళ్ళు మండి, ఆగకుండా దగ్గు రావడానికి ఇదొక కారణం. థర్మకోల్ కాలితే చిక్కటి నల్లటి మసి, దానితోపాటు స్టైరీన్ ఆవిరి వస్తాయి. సోఫాల్లో, పరుపుల్లో ఉండే ఫోమ్ కాలితే హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు వస్తుంది. ఇళ్ళల్లో అగ్నిప్రమాదాలు జరిగినప్పుడు మంట తగలకుండానే పొగ పీల్చి మనుషులు చనిపోతుంటారు కదా, దానికి ముఖ్య కారణాలు ఇదీ, కార్బన్ మోనాక్సైడూ.

మరి మామూలు క్యారీబ్యాగులో క్లోరిన్ లేదుగా, ఉన్నది కార్బన్, హైడ్రోజనే కదా, కాలిస్తే ఏమవుతుంది అని కొందరు వాదిస్తారు. పూర్తిగా మండితే ఆ వాదన కొంత నిలబడేది. పెరట్లో పెట్టే మంట అలా మండదు. పైన మంట కనిపిస్తున్నా లోపల గాలి అందక కుప్ప రాజుకుంటూ, కరుగుతూ, పొగ కక్కుతూ ఉంటుంది. అలా సగం సగం కాలినప్పుడే కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, బెంజోపైరీన్ లాంటివి తయారవుతాయి. ఈ చివరి రెండూ క్యాన్సర్ తెస్తాయని రుజువైనవే. ఇక ప్లాస్టిక్ అంటే ఉట్టి ప్లాస్టిక్ కూడా కాదు. దానికి రంగు రావడానికి, మెత్తగా ఉండటానికి, ఎండకు పగలకుండా ఉండటానికి ఏవేవో కలుపుతారు. పాత వస్తువుల్లో సీసం, కాడ్మియం ఉండొచ్చు, టీవీలు, కంప్యూటర్ల పైతొడుగుల్లో మంట అంటుకోకుండా కలిపిన బ్రోమిన్ రసాయనాలు ఉండొచ్చు. లోహాలు మంటలో నాశనం కావు, మసితో లేచి బూడిదలో దిగుతాయి.

పొగలో కంటికి కనిపించేది ఒక భాగమే. పీఎం 2.5 అనే రేణువులు 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి, అంటే వెంట్రుక మందంలో దాదాపు 30వ వంతు. ఇవి ముక్కులోనూ గొంతులోనూ ఆగకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా వెళతాయి, వాటిలో మరీ చిన్నవి రక్తంలోకి కూడా చేరతాయి. ఆస్తమా ఉన్నవాళ్ళకు ఆ పూటే తెలుస్తుంది. గుండె జబ్బు, పక్షవాతం లాంటివాటిలో ఈ రేణువుల వాటా ఏళ్ళ మీద పెరుగుతుంది కాబట్టి నిన్నటి మంటకీ ఇవాళ్టి జబ్బుకీ ముడిపెట్టి ఎవరూ చూపించలేరు. "మా తాతల కాలం నుంచీ కాలుస్తున్నాం, ఏమీ కాలేదు" అనే మాట నిలబడిపోవడానికి కారణం ఇదే. తాతల కాలపు చెత్తలో ఇంత ప్లాస్టిక్ లేదన్న సంగతి సరేసరి.

డయాక్సిన్లు అనే విష రసాయనాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. క్లోరిన్, సగం కాలిన కార్బన్, రాగి లాంటి లోహపు మసి ఒకచోట కలిసి, పొగ వేడి సుమారు 200 నుంచి 450 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు ఇవి పుడతాయి. పెరటి మంటకు సరిగ్గా సరిపోయే కొలతలు ఇవి. వీటిలో అన్నిటికన్నా విషపూరితమైన టీసీడీడీని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. రోగనిరోధక శక్తిని, హార్మోన్లను, కడుపులో బిడ్డ ఎదుగుదలను కూడా ఇవి దెబ్బతీస్తాయి. ఒకసారి ఒంట్లో చేరి కొవ్వులో దాక్కుంటే సగం పోవడానికే 7 నుంచి 11 ఏళ్ళు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. మనుషుల ఒంట్లోకి చేరే డయాక్సిన్లలో 90 శాతానికి పైగా వచ్చేది గాలి నుంచి కాదు, తిండి నుంచి, ముఖ్యంగా మాంసం, పాలు, చేపలు, గుడ్ల నుంచి. పొగ గాలికి కొట్టుకుపోయి గడ్డి మీదా నేల మీదా వాలుతుంది, పశువులు ఆ గడ్డి మేస్తాయి, కోళ్ళు ఆ నేల కెలికి తింటాయి. 2019లో ఇండోనేషియాలోని తూర్పు జావాలో, ఇంధనంగా ప్లాస్టిక్ చెత్త కాల్చే చిన్న కార్ఖానాల చుట్టుపక్కల తిరిగే కోళ్ళ గుడ్లు పరీక్షిస్తే డయాక్సిన్లు పరిమితికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా తేలాయి. కాబట్టి గాలి మన వైపు లేనప్పుడు కాల్చుకుంటే సరిపోతుందనుకోవడం కుదరదు.

"పెద్ద పెద్ద ప్లాంట్లలో కాలుస్తున్నారుగా, మనం కాలిస్తేనే తప్పా?" అని కూడా అడుగుతారు. సరైన ప్రశ్నే. ఆ ప్లాంట్లలో పొగను కనీసం 850 డిగ్రీల దగ్గర రెండు సెకన్లయినా ఉంచాలన్నది యూరప్‌లో నిబంధన. క్లోరిన్ లాంటివి ఎక్కువున్న ప్రమాదకర వ్యర్థాలైతే 1100 డిగ్రీలు. ఆ తర్వాత పొగను వేగంగా చల్లార్చి, విషాల్ని పీల్చుకునే బొగ్గుపొడి (యాక్టివేటెడ్ కార్బన్), మసిని ఆపే గుడ్డసంచుల లాంటి బ్యాగ్ ఫిల్టర్ల గుండా పంపి వడకడతారు. ఇంట్లో ఇంకా పెద్ద మంట పెట్టినా లాభం లేదు, వడపోత లేదు, పైకి లేచే పొగ చల్లారుతూ ఎలాగూ ఆ 200-450 డిగ్రీలు దాటాల్సిందే. అమెరికా పర్యావరణ సంస్థ డ్రమ్ముల్లో ఇంటి చెత్త కాల్చి కొలిచిన పరీక్షల్లో, కొద్ది పదుల ఇళ్ళవాళ్ళు అలా కాలిస్తే వచ్చే డయాక్సిన్లు వేల ఇళ్ళ చెత్త కాల్చే ఒక ఆధునిక ప్లాంటు నుంచి వచ్చేవాటితో సమానం కావచ్చని తేలింది. పీవీసీ ఏరి పక్కన పెట్టి మిగతాది కాల్చుకోవచ్చా అంటే అదీ కాదు, ఉప్పు తగిలిన తిండిలోనూ కొన్ని కాగితాల్లోనూ కూడా క్లోరిన్ ఉంటుంది.

ఈ అలవాటు ఏ ఒక్క చోటిదో కాదు. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం 2024లో వెలువరించిన అంచనా ప్రకారం 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 5.2 కోట్ల టన్నుల ప్లాస్టిక్ ఎవరి అదుపులోనూ లేకుండా పర్యావరణంలోకి పోయింది, అందులో సగానికి పైగా ఇలా ఆరుబయట కాలిపోయినదే. చెత్త తీసుకెళ్ళే ఏర్పాటే లేని ఇళ్ళలో ఇంకేం చేస్తారు మరి.

స్టెప్ 1: వారం రోజులు ఊరికే చూడండి

కొత్త డబ్బాలు కొనకండి, ఇంట్లోవాళ్ళకు క్లాసు పీకకండి. ఒక వారం పాటు ప్లాస్టిక్ అంతా ఒక గోనెసంచిలో విడిగా వేసి, వారం చివర కింద గుమ్మరించి చూడండి. దాదాపు ప్రతి ఇంట్లోనూ రెండు మూడు రకాలే సంచిని నింపేస్తుంటాయి. మీ ఇంట్లో అవేంటో తెలిస్తే సగం పని అక్కడే తేలుతుంది, ఎందుకంటే మిగతా ముప్ఫై రకాల గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

స్టెప్ 2: తడిని విడదీయండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, ఇదొక్కటి చేసి మిగతావన్నీ వదిలేసినా కాల్చాల్సిన అవసరం చాలావరకు పోతుంది. వంటగదిలో మూత ఉన్న డబ్బా ఒకటి తిండికీ తొక్కలకీ, దానికి కాస్త దూరంగా సంచి ఒకటి పొడి చెత్తకి. రెండూ పక్కపక్కనే పెడితే తొందరలో ఒకదాంట్లో వెయ్యాల్సింది ఇంకోదాంట్లో పడుతుంది, అందుకే దూరం. తడి డబ్బాలో కవరు వెయ్యకండి, అడుగున పాత కాగితం పరవండి, రోజూ ఖాళీ చెయ్యండి.

పెరడు ఉంటే తడి చెత్త ఎరువు అవుతుంది. ఒక వంతు తడి చెత్తకు రెండు మూడు వంతులు ఎండుటాకులో చించిన అట్టముక్కలో వేసి, వారానికోసారి కలియబెట్టండి, పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. కంపు వస్తోందంటే తడి ఎక్కువైందని, ఇంకొన్ని ఎండుటాకులు పడాలని అర్థం. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది, ఎండుటాకుల్ని ఊడ్చి కాల్చే అలవాటు దానంతట అదే పోతుంది, అసలు చాలా చోట్ల ప్లాస్టిక్ కాలడం మొదలయ్యేదే ఆకుల కుప్పలో. పెరడు లేకపోతే తడి చెత్త మాత్రం రోజూ తీసుకెళ్ళేవాళ్ళకు ఇచ్చేయండి, పొడి చెత్తకు తొందరేమీ లేదు.

శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, వాడేసిన బ్యాండేజీలు రెండింటిలోనూ వెయ్యకండి. కాగితంలో చుట్టి, మీద గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. అసహ్యమనో సిగ్గనో వీటిని చాటుగా కాల్చేవాళ్ళు ఎక్కువ. కానీ వీటి నిండా తడీ ప్లాస్టిక్ పొరలూ ఉంటాయి కాబట్టి ఇవి మండవు, గంటల తరబడి పొగలు కక్కుతాయి, అంటే కాల్చడానికి అన్నిటికన్నా పనికిరానివి ఇవే.

స్టెప్ 3: కడిగి, ఆరేసి, నొక్కండి

కడగడం అంటే మెరిసేట్టు తోమడం కాదు. గిన్నెలు కడిగాక మిగిలిన నీళ్ళలో ఒకసారి ముంచి తీసి ఆరేస్తే చాలు, దీనికోసం మంచినీళ్ళు పారబోస్తే అదింకో దండగ. పాల ప్యాకెట్లు కత్తిరించేటప్పుడు మూల పూర్తిగా తెగి ఊడిపోకుండా చూడండి, ఆ చిన్న ముక్కలు ఎవరూ ఏరరు, చివరికి మట్టిలోకో మంటలోకో పోతాయి. సీసాలు తొక్కి చదును చేస్తే సంచిలో నాలుగైదు రెట్లు ఎక్కువ పడతాయి. మూత ఉంచాలా తీసెయ్యాలా అన్నది తీసుకునేవాళ్ళను అడగండి, ఒక్కో చోట ఒక్కోలా అడుగుతారు.

నూనె పట్టేసిన ప్యాకెట్లు, ఎంత కడిగినా వాసన పోనివి ఉంటాయి. వాటితో కుస్తీ పట్టకండి, మంచివాటిలో మాత్రం కలపకండి, ఒక్కటి కలిసినా సంచి మొత్తం వాసన పట్టేస్తుంది.

స్టెప్ 4: ఏది ఏ ప్లాస్టికో తెలుసుకోండి

వస్తువు అడుగున త్రికోణంలో 1 నుంచి 7 వరకు ఒక అంకె ఉంటుంది. ఆ గుర్తు ఉన్నంత మాత్రాన దాన్ని రీసైకిల్ చేస్తారని కాదు, అది ఏ రకమో చెప్పే నంబరు అంతే. 1 అంటే పెట్, నీళ్ళ సీసాలు. 2 అంటే గట్టి పాలిథిన్, షాంపూ, ఫినైల్ డబ్బాల లాంటివి. 5 పాలీప్రొపిలీన్, మూతలు, తిండి పెట్టుకునే డబ్బాలు. ఈ మూడింటికీ దాదాపు అన్ని చోట్లా గిరాకీ ఉంటుంది. 4 పల్చటి కవర్లు, శుభ్రంగా ఒక్కచోట పోగేస్తే కొన్ని చోట్ల తీసుకుంటారు. 3 పీవీసీ, 6 పాలీస్టైరీన్ (థర్మకోల్ చేసేది దీనితోనే), 7 మిగతా అన్నీ కలిపి.

అంకె కనిపించకపోతే చిన్న ముక్క కత్తిరించి నీళ్ళలో ముంచి చూడండి. తేలితే పాలిథిన్ గానీ పాలీప్రొపిలీన్ గానీ అయ్యుండే అవకాశం ఎక్కువ. మునిగితే పెట్, పీవీసీ, పాలీస్టైరీన్‌లలో ఒకటి కావచ్చు, థర్మకోల్‌లో గాలి ఉంటుంది కాబట్టి దాన్ని ఈ లెక్కలో చేర్చకండి. కాల్చి వాసన చూసి కనిపెట్టే పద్ధతి ఒకటి చెబుతుంటారు, ఆ పని మాత్రం ఇంట్లో చెయ్యొద్దు. దేన్ని ఆపడానికి ఇదంతా చదువుతున్నారో మర్చిపోయినట్టవుతుంది.

"బయోడిగ్రేడబుల్" అని రాసి ఉన్న కవర్లు చాలావరకు పెద్ద ఎత్తున ఎరువు తయారుచేసే కేంద్రాల్లో ఉండే వేడికే కుళ్ళుతాయి, ఇంటి ఎరువు గుంటలో కుళ్ళవు, కాల్చడానికి కూడా పనికిరావు. మామూలు ప్లాస్టిక్‌లో కలిపితే దాన్నీ పాడుచేస్తాయి. వీటిని విడిగా పెట్టండి.

స్టెప్ 5: ఎవరికి ఇవ్వాలి, ఎవరూ తీసుకోనిది ఏం చెయ్యాలి

శుభ్రంగా ఉన్న 1, 2, 5 రకాలను పాత సామాన్లు కొనేవాళ్ళు తీసుకుంటారు. పెద్దగా డబ్బు రాకపోవచ్చు, అది సమస్య కాదు. వాళ్ళకు ఏది అక్కర్లేదో కూడా అడిగి తెలుసుకోండి, ఈ విషయంలో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఒక్క ఇంటి సరుకు కోసం ఎవరూ రారు కాబట్టి నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి నెలకోసారి పోగేస్తే పని సులువవుతుంది.

చిప్స్ ప్యాకెట్లు, సాషేలు, మాత్రల షీట్లతోనే అసలు చిక్కు. వీటిలో ప్లాస్టిక్, అల్యూమినియం, ఇంకో ప్లాస్టిక్ పొరలు పొరలుగా అంటించి ఉంటాయి, విడదీయడం ఖర్చుతో కూడిన పని. కొన్ని చోట్ల వీటిని సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలకు ఇంధనంగా పంపుతారు, అక్కడి మంట ఇంటి మంటలాంటిది కాదు, వేడి 1400 డిగ్రీలు దాటుతుంది. మీ దగ్గర పొడి చెత్త తీసుకునే ఏర్పాటు ఉంటే దానికే ఇవ్వండి. లేకపోతే పొడిగా నొక్కి, మూత ఉన్న డ్రమ్ములోనో గట్టి సంచిలోనో దాచండి. కడిగి ఆరేసినవి అయితే ఒక ఇంటి సాషేలు ఆరు నెలలవి కూడా ఒక సంచిలో పట్టేస్తాయి. సీసాల్లో కుక్కి ఇటుకల్లా వాడే పద్ధతి గురించి వినే ఉంటారు. దాచడానికి బాగానే ఉంటుంది గానీ మంచి సీసా ఒకటి రీసైక్లింగుకు పోకుండా ఆగిపోతుంది, ఎండ తగిలే చోట పెడితే కొన్నేళ్ళకు పెళుసెక్కి పగులుతుంది. నాకైతే అది పరిష్కారం అనిపించదు, వాయిదా అనిపిస్తుంది. వాయిదా కూడా మంట కన్నా నయమే.

అసలు ఏ ఏర్పాటూ లేని చోట, దాచే చోటు కూడా లేకపోతే? రెండూ చెడ్డవే అయినప్పుడు కాల్చడం కన్నా పూడ్చడం తక్కువ చెడ్డది. బావికీ చెరువుకీ కనీసం 30 మీటర్ల దూరంలో, వరద రాని చోట, భూగర్భ జలం అందేంత లోతు వెళ్ళకుండా గుంట తీసి, పొడి ప్లాస్టిక్ వేసినప్పుడల్లా పైన మట్టి కప్పండి. బ్యాటరీలు, మందులు, ట్యూబులైట్లు, పురుగుమందు డబ్బాలు అందులో వెయ్యకూడదు.

స్టెప్ 6: కట్టెల పొయ్యి, నీళ్ళ కాగు

పొయ్యి త్వరగా అంటుకుంటుందని కవరు ముక్కో పాలిథిన్ సంచో వేసి ముట్టించే అలవాటు కుప్పకు నిప్పు పెట్టడం కన్నా ప్రమాదం. అక్కడ ఆరుబయట గాలైనా ఉంటుంది, ఇక్కడ పొగ గదిలోనే తిరుగుతుంది, పైన వండుతున్న తిండి మీద పడుతుంది. ఎండు కొబ్బరి పీచు, చితుకులు, రంగు వెయ్యని కాగితం ఎప్పుడూ ఒక డబ్బాలో తడవకుండా పెట్టుకుంటే సరిపోతుంది. వైర్లలోని రాగి కోసం తొడుగు కాల్చేవాళ్ళకు కూడా ఇదే మాట, ఇంకా గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ పీవీసీ, రాగి రెండూ ఒకే చోట ఉన్నాయి, డయాక్సిన్ పుట్టడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఇలాంటి మొండి విష రసాయనాల మీద 2001లో దేశాల మధ్య కుదిరిన స్టాక్‌హోం ఒప్పందం డయాక్సిన్లు పుట్టే చోట్ల జాబితాలో చెత్తను ఆరుబయట కాల్చడంతో పాటు రాగి కేబుళ్ళు కాల్చడాన్ని కూడా పేరు పెట్టి చేర్చింది. తొడుగును కత్తితో చీల్చి తియ్యండి.

పక్కింటివాళ్ళు కాలుస్తుంటే

మంట మండుతున్నప్పుడు వెళ్ళి గొడవ పెట్టుకుంటే మంట ఆరదు, మాటలు ఆగిపోతాయి. ఆ పూటకు మీ కిటికీలు, తలుపులు మూసుకోండి, బయటి గాలిని లోపలికి లాగే ఫ్యాన్లు ఆపండి, ఏసీ ఉంటే గదిలోని గాలినే తిప్పే మోడ్‌లో పెట్టండి, ఆరేసిన బట్టలు తియ్యండి, పిల్లల్ని, పెద్దవాళ్ళని, గర్భిణుల్ని పొగకు దూరంగా ఉన్న గదిలోకి పంపండి. బయటికి వెళ్ళక తప్పకపోతే ఎన్95 మాస్కు ముఖానికి బిగుతుగా పెట్టుకోండి. అది రేణువుల్ని ఆపుతుంది కానీ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ లాంటి వాయువుల్ని ఆపదు, కాబట్టి మాస్కు ఉంది కదా అని మంట పక్కన నిలబడొద్దు. గుడ్డ కట్టుకుంటే దాదాపు ఏ లాభమూ ఉండదు. కళ్ళు మండితే శుభ్రమైన నీళ్ళతో చాలాసేపు కడగండి, రుద్దకండి. ఊపిరి ఆడక ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, ఛాతీ పట్టేసినట్టుండటం, పెదవులు నీలంగా మారడం, మగతగా తికమకగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో చిట్కాలు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

తర్వాత, ఇంకో రోజు తీరిగ్గా మాట్లాడండి. డయాక్సిన్, క్యాన్సర్ అంటూ మొదలుపెడితే వినేవాళ్ళకు భయం కన్నా చిరాకు ఎక్కువ కలుగుతుంది. "అన్నా, మొన్న పొగకు మా పాపకు రాత్రంతా దగ్గు, మీ పొడి చెత్త మా సంచిలో వేసెయ్యండి, మావాటితో పాటు నేనే ఇచ్చేస్తాను" అంటే చాలామంది కాదనలేరు. వాళ్ళకూ ఇబ్బంది చెత్త పోవడం గురించే కదా. అప్పటికీ వినకపోతే స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి, తేదీ, సమయం తెలిసేలా ఫొటోలు పెట్టండి. చెత్త ఆరుబయట కాల్చడం చాలా దేశాల్లో నిషేధమే, అమలే అంతంతమాత్రం, అందుకే ఒకరు కాకుండా నలుగురు సంతకాలు పెడితే బరువుంటుంది.

ఇప్పటికే అంటుకున్న కుప్పను ఆర్పాలంటే

గాలి మీ వెనక నుంచి వీచేట్టు నిలబడండి. మట్టి గానీ ఇసుక గానీ కప్పండి, లేదా దూరం నుంచి నీళ్ళు చిలకరించండి. పైపుతో ఒకేసారి గట్టిగా కొడితే కరిగిన ప్లాస్టిక్ చిట్లి మీద పడుతుంది. లోపల రాజుకుంటూ ఉంటుంది కాబట్టి కర్రతో కదిపి మళ్ళీ తడపండి. కుప్పలో స్ప్రే డబ్బాలు, లైటర్లు, ఫోన్ బ్యాటరీలు ఉన్నట్టు అనుమానం ఉంటే దగ్గరికి వెళ్ళకండి, అవి పేలతాయి, అగ్నిమాపక సిబ్బందిని పిలవండి.

కరిగిన ప్లాస్టిక్ చర్మం మీద పడితే పారే చల్లటి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచండి. అంటుకుపోయిన ముక్కను పీకొద్దు, చర్మంతో సహా ఊడుతుంది. ఐస్, టూత్‌పేస్టు, నూనె ఏదీ రాయొద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి డాక్టరుకు చూపించండి.

బూడిద, పాత డ్రమ్ము

ప్లాస్టిక్ కాలిన బూడిదను కట్టెల బూడిదలా మొక్కలకు వెయ్యకూడదు. లోహాలు, డయాక్సిన్లు, సరిగ్గా కాలని ప్లాస్టిక్ ముక్కలు అన్నీ అందులోనే ఉంటాయి. ఎగరకుండా తడిపి, చేతులకు తొడుగు, ముఖానికి మాస్కు పెట్టుకుని, పారతో ఎత్తి రెండు సంచుల్లో కట్టి, పనికిరాని చెత్తతో పాటు పంపండి. ఏళ్ళ తరబడి కాల్చిన చోటయితే అక్కడ కూరగాయలు పెంచొద్దు, కోళ్ళను తిరగనివ్వొద్దు, పిల్లల్ని ఆడనివ్వొద్దు. పై మట్టి కొంత తీసి బూడిదలాగే సంచుల్లో కట్టి పంపేసి, కొత్త మట్టి కప్పి గడ్డి వేస్తే దుమ్ము లేవడం తగ్గుతుంది.

కాల్చడానికి వాడిన డ్రమ్ము ఉంటే దాన్ని అక్కడే ఉంచకండి. అది కనిపిస్తున్నంత కాలం ఇంట్లో ఎవరో ఒకరు అందులో చెత్త వేస్తారు, ఇంకెవరో అగ్గిపుల్ల గీస్తారు. మొక్కల కుండీగానో, నీళ్ళు పట్టుకోవడానికో, ఎరువు తయారీకో మాత్రం వాడొద్దు, లోపలంతా ఆ మసే ఉంటుంది. లోపల తడిపి, మసి గీకి, ఆ మసిని బూడిద సంచిలో వేసి, డ్రమ్మును పాత ఇనుము కింద ఇచ్చేయండి.